దేవుడికి ఎన్ని హిట్ పాయింట్లు ఇవ్వాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మీకు ఐదుగురు ఆటగాళ్లు, అందరి పాత్రలూ 18వ లెవెల్‌కు చేరాయి (లెవెల్ అంటే పాత్ర బలం ఎక్కే మెట్టు). మూడో లెవెల్ నుంచి వెంటపడి వేధిస్తున్న యుద్ధదేవుణ్ణి ఇక అతడి లోకానికే వెళ్లి చంపేస్తామంటున్నారు. మీరు ఆ దేవుడికి 1500 హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకుంటాడో చెప్పే అంకె), 30 ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలడం ఎంత కష్టమో చెప్పే అంకె) రాసి పెట్టుకుని, ఇవి సరిపోతాయా, పోరాటం ఎలా నడపాలి అని అడుగుతున్నారు.

సరిపోవు. 3000 రాసినా సరిపోవు. మీ లెక్క తప్పని కాదు, అసలు లెక్క మొదలుపెట్టిన చోటే ఇబ్బంది ఉంది. డంజన్ మాస్టర్‌గా, అంటే కథ నడిపేవాడిగా, నేనూ ఈ పని చేసి చేతులు కాల్చుకున్నవాణ్ణే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

దేవుళ్లకు అంకెలు కట్టాలా అన్న ఈ తగవు ఇంచుమించు ఆట పుట్టినప్పటి నుంచీ ఉంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. రెండేళ్లు తిరగకుండానే, 1976లో, పురాణాల దేవతలకు అంకెలు కట్టిన అనుబంధ పుస్తకం అచ్చయింది. అదుపు తప్పి 40వ లెవెల్ దాటిపోయిన పాత్రలతో ఊరేగుతున్నవాళ్లకు బుద్ధి చెప్పాలన్నది దాని ఉద్దేశం. సాక్షాత్తూ నార్స్ దేవతల రాజు ఓడిన్‌కే 300 హిట్ పాయింట్లుంటే 44వ లెవెల్ వీరుణ్ణి ఎవరు లెక్కచేస్తారని ముందుమాటలో సంపాదకుడు ఎత్తిపొడిచాడు కూడా. అయితే 300 అన్న అంకె కళ్లబడ్డాక ఆటగాడి బుర్రలో మెదిలేది ఒక్కటే: 300 తీసేస్తే పని అయిపోతుంది. సిగ్గుపడమని చూపించిన అద్దం వేటకు పటంగా పనికొచ్చింది.

1980లో వచ్చిన తర్వాతి పుస్తకంలో గ్రీకు దేవరాజు జ్యూస్‌కు 400. అందులో మన ఇంద్రుడికీ ఒక పేజీ ఉంది. (ఇక్కడే ఒక మాట. బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో ఎవరైనా నిజంగా కొలిచే దేవుడికి హిట్ పాయింట్లు రాయకండి. కల్పించుకోవడానికి బోలెడంత మంది దేవుళ్లున్నారు.) అదే ఏడాది వచ్చిన ఒక సాహసంలో సాలెపురుగుల దేవత లోల్త్‌ను ఆమె సొంత లోకంలోనే ఎదుర్కొనే అవకాశం ఇచ్చారు. ఆమెకున్నవి 66 హిట్ పాయింట్లు. ఆ కాలపు అంకెలను ఈ కాలపు అంకెలతో నేరుగా పోల్చకూడదు, నిజమే. అయినా 2014 నాటి అయిదో ఎడిషన్‌లో ఒక మామూలు ఓగర్‌కు (మొద్దు రాక్షసుడికి) 59 ఉంటాయని గుర్తొచ్చినప్పుడల్లా నాకు నవ్వాగదు.

తర్వాతి ఎడిషన్లు ఒక్కొక్కటీ ఒక్కో దారి పట్టాయి. రెండో ఎడిషన్ దేవుళ్లకు అంకెలు తీసేసి, వాళ్ల అవతారాలకు మాత్రమే ఇచ్చింది. మూడోది 2002లో దైవత్వానికే సున్నా నుంచి 20, ఆపైన కూడా మెట్లు కట్టింది. నాలుగోది ఆటగాళ్లకు 30వ లెవెల్ వరకు దారి తెరిచి, పైన 35వ లెవెల్లో ఐదు తలల డ్రాగన్ దేవత టియామట్‌నూ లోల్త్‌నూ కూర్చోబెట్టింది. అయిదో ఎడిషన్ 2014లో ఒక గీత గీసింది: పెద్ద దేవతలు మనుషులకు అందనివాళ్లు, చిన్న దేవతలు ఏదో ఒక లోకంలో దేహంతో ఉంటారు, వాళ్లను కలవవచ్చు, కొట్టవచ్చు. మీ యుద్ధదేవుడు ఈ గీతకు ఏ పక్కన ఉన్నాడో ముందు తేల్చుకోండి. నాకు తెలిసి చాలామంది డంజన్ మాస్టర్లు ఇది తేల్చకుండానే ఆర్మర్ క్లాస్ దగ్గర మొదలుపెడతారు.

ఇక లెక్క. అయిదో ఎడిషన్‌లో 2014 నాటి టియామట్‌నే తీసుకుందాం. 615 హిట్ పాయింట్లు, 25 ఆర్మర్ క్లాస్, తన వంతు మొదలైన ప్రతిసారీ 30 పాయింట్లు తిరిగి వస్తాయి. ఆరో స్థాయి, అంతకంటే తక్కువ స్థాయి మంత్రాలు ఆమె ఒప్పుకుంటే తప్ప అంటవు. కాగితం మీద చూస్తే గుండె జారుతుంది. కానీ ఆటలో ఆరితేరిన ఐదుగురు, చేతినిండా మాయాయుధాలు ఉన్నవాళ్లు, తలా 40 చొప్పున కొట్టినా రౌండుకు 200. అందులో 30 తిరిగొచ్చినా నికరంగా 170. నాలుగో రౌండులో ఆమె కూలుతుంది. రౌండు అంటే ఆట లెక్కలో ఆరు సెకన్లు. లోకాలను వణికించిన దేవత ఇరవై నాలుగు సెకన్లలో ముగిసింది. మీ 1500కు కూడా ఇదే గతి: తొమ్మిది రౌండ్లు, ఒక నిమిషం లోపు. తేడా ఏమిటంటే ఆ నిమిషం ఆడటానికి నిజ జీవితంలో ఐదు గంటలు పడుతుంది, మూడో గంట నుంచి అందరూ ఆవులిస్తుంటారు.

పైగా ఈ లెక్కలో మంత్రాలు కలపలేదు. 18వ లెవెల్ పాత్రలు దెబ్బలతో గెలవరు, ఎదుటివాడి వంతులు మింగేసి గెలుస్తారు. ఒకడికి ఐదుగురు అంటేనే ఒక వంతుకు ఐదు వంతులు. లెజెండరీ యాక్షన్లు, అంటే ఇతరుల వంతుల మధ్య వేసే అదనపు కదలికలు, ఈ లోటు పూడ్చడానికే పుట్టాయి. లెజెండరీ రెసిస్టెన్స్ ఉంటే సేవింగ్ త్రో (మంత్రాన్ని తప్పించుకోవడానికి వేసే పాచిక) తప్పినా నెగ్గినట్టే లెక్క. కానీ అసలు సేవింగ్ త్రోనే అడగని మంత్రం వస్తే?

నా మొదటి దేవుడు అలాగే పోయాడు. తుపానుల దేవుడు. మనిషి ఆకారం, చేతిలో మెరుపుల ఈటె, మూడు పేజీల నిండా శక్తులు. వారం రోజులు కూర్చుని రాశాను. రెండో రౌండులో విజార్డ్ (మాంత్రికుడి పాత్ర) ఆడే మిత్రుడు తాపీగా ఫోర్స్‌కేజ్ అన్నాడు. కంటికి కనిపించని పది అడుగుల పెట్టె. పెట్టడానికి సేవింగ్ త్రో లేదు, గంటసేపు నిలుస్తుంది, లోపలి మంత్రం బయటికి రాదు. టెలిపోర్ట్ ఉంటే తప్పించుకునే ప్రయత్నమైనా చేయవచ్చు. నా మూడు పేజీల్లో అన్నీ ఉన్నాయి, టెలిపోర్ట్ తప్ప. నేను కాగితాలు తిరగేస్తుండగా ఫైటర్ (యోధుడి పాత్ర) ఆడేవాడు అడిగాడు: "ఇది గంటసేపు ఉంటుంది కదా. షార్ట్ రెస్ట్ కూడా గంటే కదా?" అంతే. ఐదుగురూ ఆ పెట్టె ముందే చతికిలబడ్డారు. గాయాలకు కట్లు కట్టుకున్నారు, ఖర్చయిపోయిన శక్తులు తిరిగి తెచ్చుకున్నారు. పెట్టె లోపల నుంచి తుపానుల దేవుడు చూస్తూ నిలబడ్డాడు. గంట గడిచి గోడలు మాయమైన క్షణంలో వాళ్ల ఆయుధాలన్నీ అతడి మెడ మీదే ఉన్నాయి. ఆ రాత్రి మేము పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం, అది వేరే విషయం. కానీ ఆ తర్వాత ఆ కథలో ఎవరూ ఏ దేవుడికీ భయపడలేదు.

దీనికి విరుగుడుగా రెండోసారి ఇంకా పెద్ద తప్పు చేశాను. ఏ మంత్రం వేసినా "అతడు దేవుడు, పనిచేయదు" అన్నాను. మూడుసార్లు అన్నాక విజార్డ్ పాచికలు బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు. అతడి కోపం న్యాయమైనది. రెండేళ్లు ఆడి సంపాదించిన తొమ్మిదో స్థాయి మంత్రాన్ని నేను ఒక్క మాటతో తీసిపారేశాను. 18వ లెవెల్ ఆటగాడికి మీరు చేయగలిగిన అతి పెద్ద అన్యాయం అతణ్ణి మళ్లీ మొదటి లెవెల్‌కు దించడమే.

మరి దేవుడికీ పెద్ద రాక్షసుడికీ తేడా ఎక్కడ చూపించాలి? మన పురాణాలు ఈ పని ఎప్పుడో చేసి పెట్టాయి. హిరణ్యకశిపుడు కోరిన వరాన్ని డంజన్ మాస్టర్ కళ్లతో ఒకసారి చదవండి. పగలు కాదు, రాత్రి కాదు. ఇంట్లో కాదు, బయట కాదు. మనిషి వల్ల కాదు, మృగం వల్ల కాదు. నేల మీద కాదు, ఆకాశంలో కాదు. ఇక్కడ వాడి బలం ఎంతన్నది లెక్కలోకే రాదు. వాడు ఒక నియమం కింద బతుకుతున్నాడు, ఆ నియమం మాటల్లోనే వాడి చావు ఉంది: సంధ్యవేళ, గడప, తొడ, గోళ్లు. రావణుడు మనుషులను లెక్కచేయక వాళ్ల పేరు వదిలేశాడు. భస్మాసురుడైతే తన వరంతో తనే బూడిదయ్యాడు. ఈ ముగ్గురిలో ఒక్కరి హిట్ పాయింట్లు ఎన్నని కూడా మనకు అనుమానం రాదు.

నేను చెప్పేదంతా ఇందులోనే ఉంది. దేవుడికి ముందు ఒక నియమం రాయండి, ఒకే వాక్యంలో. ఆ వాక్యం అతడి అధికారం దేని మీదో ఆ విషయంలోంచే పుట్టాలి. అది ఆటగాళ్లకు తెలియాలి, లేదా తెలుసుకునే దారి ఉండాలి. దాన్ని దాటాలంటే మంత్రం ఖర్చయితే చాలదు, ఆ పాత్రకు ప్రియమైనది ఏదైనా ఖర్చు కావాలి. అలా చేస్తే ఫోర్స్‌కేజ్ పనిచేయనివ్వవచ్చు, అన్ని మంత్రాలూ పనిచేయనివ్వవచ్చు. దేవుణ్ణి పెట్టెలో బంధించారా? బంధించనివ్వండి. నియమం ఇంకా నిలిచే ఉంది, పెట్టెలో ఉన్నా అతడు చావడు. ఇప్పుడు గంట సమయం ఉంది, ఏం చేస్తారని అడగండి.

నా మూడో దేవుడు ఒక దేవత. అప్పులకూ ఒప్పందాలకూ అధిపతి. ఆమె పేరు గంభీరంగానే పెట్టాను గాని మా వాళ్లు "పద్దులమ్మ" అని పిలవడంతో అదే స్థిరపడింది. ఆమె నియమం: నాకు బాకీ ఉన్నవాడు నన్ను గాయపరచలేడు. ఇది తొమ్మిదో లెవెల్లోనే ఒక గుడి ద్వారం మీద చెక్కి ఉంది. వాళ్లు చదివారు, నవ్వారు, ముందుకు పోయారు. పదహారో లెవెల్లో మొదటిసారి ఆమె మీద కత్తి దూసినప్పుడు పాచిక 20 చూపించింది, గాయం మాత్రం పడలేదు. "నీ పద్దు ఇంకా చెల్లలేదు" అంది.

అక్కడి నుంచి ఎనిమిది వారాలు వాళ్లు చేసింది యుద్ధం కాదు, అప్పులు తీర్చడం. రోగ్ (దొంగ పాత్ర) ఎప్పుడో దొంగిలించిన కిరీటాన్ని వెతికి, అసలు వారసుడి చేతిలో పెట్టాడు. విజార్డ్ తన గురువుకు ఇస్తానని ఎగ్గొట్టిన మంత్రగ్రంథాన్ని ఇచ్చేశాడు, అందులో అతడి దగ్గర మరో ప్రతి లేని మంత్రాలు నాలుగున్నాయి. క్లెరిక్ (పూజారి పాత్ర) ఒక పల్లెకు ఇచ్చిన మాట కోసం ఒక చలికాలమంతా అక్కడే ఉండిపోయాడు. నేను ముందుగా అనుకున్న వాటికంటే వాళ్లే తవ్వి తీసిన బాకీలు ఎక్కువ. పాత నోట్సులు తిరగేసి "మనం ఫలానా పడవవాడికి డబ్బు ఇవ్వలేదు" అని వాళ్లే పట్టుకొచ్చేవాళ్లు.

చివరి రోజు ఆమె సింహాసనం ముందు నిలబడితే ఆమె పద్దుపుస్తకంలో నలుగురి పేర్లు కొట్టేసి ఉన్నాయి, ఫైటర్ పేరు మిగిలింది. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. క్లెరిక్ ఆడే అమ్మాయి ముందుగా గుర్తుపట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పదకొండో లెవెల్లో ఆ ఫైటర్ చచ్చిపోతే ఏ గుడిలో బతికించారు? ఆ గుడి ఎవరిది? అతడు కొంచెంసేపు ఏమీ అనలేదు. పాత్ర కాగితాన్ని బోర్లా తిప్పి, వెనకవైపు పెన్సిల్‌తో "చెల్లు" అని రాసి నా వైపు జరిపాడు. ప్రాణం వెనక్కి ఇచ్చేశాడన్నమాట. ఆ పాత్ర అక్కడే కుప్పకూలింది. మిగిలిన నలుగురూ ఆమె మీద పడ్డారు. ఆమెకు నేను రాసుకున్నవి 200 హిట్ పాయింట్లు. రెండో రౌండులో అయిపోయింది. చాలా తేలిగ్గా చచ్చిందని ఒక్కరూ అనలేదు.

పోరాటం నడిపే పద్ధతి గురించి కూడా అడిగారు కాబట్టి కొన్ని మాటలు. దేవుడు తన సొంత లోకంలో ఉన్నాడంటే నేల, గాలి, గోడలు కూడా అతడి పక్షమే. 2014 నాటి అయిదో ఎడిషన్‌లో ఇనిషియేటివ్ (వంతుల వరుస) 20 దగ్గర వచ్చే లెయిర్ యాక్షన్లను (ఆ చోటే చేసే దాడులను) దీనికి వాడుకోండి, దేవుడి వంతును రౌండంతా చెదరగొట్టండి. హిట్ పాయింట్లు తగ్గించడం తప్ప మరో పని లేని పోరాటం పెట్టకండి. ఇద్దరు దేవుడితో తలపడుతుంటే ముగ్గురు ఇంకేదో ఆపాలి, విడిపించాలి, మోయాలి. 2014 నాటి టియామట్ సాహసంలో ఈ ఆలోచన ఉంది. ఆమెను రప్పించే క్రతువును ఎంత చెడగొడితే ఆమె అంత బలహీనంగా అడుగుపెడుతుంది. అందుకే ఆ కథ 20వ లెవెల్ దాకా ఆగకుండా 15 దగ్గరే ముగియగలిగింది.

మీ జట్టులో క్లెరిక్ ఉంటే ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామంది బల్ల దగ్గర కూర్చున్నాక గమనిస్తారు. 2014 నియమాల్లో 20వ లెవెల్ క్లెరిక్ డివైన్ ఇంటర్వెన్షన్ (దైవ సహాయం) అడిగితే పాచిక వేయనక్కర్లేదు, అతడి దేవుడు పలికి తీరాలి. దేవుడిపై యుద్ధంలో ఆటగాడు తన దేవుణ్ణి పిలిచాడు. ఏమవుతుంది? మిగతా దేవుళ్లు ఇన్నాళ్లూ ఈ పని తామే ఎందుకు చేయలేదు? వాళ్ల మధ్య ఒడంబడిక ఉందా, భయముందా, లేక వాళ్లకు ఈ యుద్ధదేవుడు పనికొస్తున్నాడా? ఒక పేరా జవాబు రాసి పెట్టుకోండి. మూడోది నిజమైతే మీకు మరో ఏడాదికి సరిపడా కథ దొరికినట్టే. క్లెరిక్ కొలిచేది మీ యుద్ధదేవుణ్ణే అయితే, శక్తులు పోయాయని పోరాటం మధ్యలో ప్రకటించకండి. ముందే ఆ ఆటగాడితో విడిగా మాట్లాడండి.

గెలిచాక ఏమిటన్నది కూడా ఉంది. ఈ ఆట కల్పిత లోకాల్లో ఒకటైన ఫర్గాటెన్ రెల్మ్స్‌లో 1989లో దాదాపు దేవుళ్లందరినీ నేల మీదకు తోసి, కొందరిని చంపి, చావుల అధికారాన్ని సిరిక్ అనే మామూలు మనిషికి కట్టబెట్టారు. వాడు చనిపోయిన దేవుడి కంటే మంచివాడేమీ కాదు. ఖాళీ అయిన సింహాసనం ఖాళీగా ఉండదు. మా పద్దులమ్మ పోయిన మర్నాడు లోకంలో ఏ ఒప్పందానికీ కట్టుబాటు లేకుండా పోయింది. సరిహద్దుల్లో సైన్యాలు కదిలాయి, పెళ్లి ప్రమాణాలు తేలిపోయాయి. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న వాదనకే మాకు మూడు వారాలు పట్టింది, చివరికి రోగ్ కూర్చున్నాడు. దొంగ చేతికి లోకం పద్దులు. ఇలాంటి పాత్రలనే మొదటి రోజు నుంచి ఆడాలనుకుంటే ఎగ్జాల్టెడ్, గాడ్‌బౌండ్ లాంటి ఆటలు దానికోసమే ఉన్నాయి. నడుస్తున్న కథను మాత్రం వాటిలోకి మార్చమని సలహా ఇవ్వను, సగం మంది దారిలో తప్పిపోతారు.

ఇప్పుడు మీ యుద్ధదేవుడు. నేనైతే ఆ 1500 కొట్టేసి ఈ వాక్యం రాస్తాను: యుద్ధం నడుస్తున్నంతసేపూ అతడికి చావు లేదు. ప్రతి దెబ్బా తగులుతుంది, రక్తం కారుతుంది, సున్నాకు చేరినప్పుడల్లా నవ్వుతూ మళ్లీ లేస్తాడు. మొదటిసారి లేచినప్పుడు వాళ్లకు సరదాగా ఉంటుంది, రెండోసారికి ఒకరి ముఖాలొకరు చూసుకుంటారు. ఇనిషియేటివ్ ఆగాలి. అంటే ఐదుగురూ ఆయుధాలు కింద పెట్టాలి, అదీ అతడు ఇంకా కొడుతుండగా, ఒక పూర్తి రౌండు పాటు. ఎవరో ఒకరు నిగ్రహం కోల్పోతారు, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఆ రౌండు గట్టెక్కితే యుద్ధం లేని యుద్ధదేవుడు ఎదురుగా మిగులుతాడు: 40 హిట్ పాయింట్లున్న, మోకాళ్లు నొప్పులు పెట్టే ముసలి సైనికుడు. చేతిలో ఏమీ లేదు. అతణ్ణి ఇప్పుడు చంపవచ్చు. చంపడానికి కత్తి ఎత్తితే అది యుద్ధమా, హత్యా అన్నది మీ పాలడిన్ (ధర్మయోధుడి పాత్ర) తేల్చుకోవాలి, మీరు నోరు మెదపకండి.

ఒక్క షరతు. ఈ నియమం ఆ రోజు ఆకాశం నుంచి ఊడిపడకూడదు. మీ పాత నోట్సు తీసి, మూడో లెవెల్లో వాళ్లు చంపిన ఆ దేవుడి మొదటి పూజారి చనిపోతూ ఏమన్నాడో చూడండి. అందులో ఈ వాక్యానికి అతికే ముక్క ఏదైనా ఉంటే వచ్చే వారమే ఆడవచ్చు. ఏమీ లేకపోతే ఆటను రెండు వారాలు వెనక్కి జరిపి, ముందు వాళ్లను ఆ దేవుడు ఒక్కసారి కూడా అడుగు పెట్టని ఊరికి పంపండి.